పారబోసిన మట్టి: గ్రేట్ జింబాబ్వే మీద వలస పాలన రాసిన కథ

1871 సెప్టెంబరులో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త ఆఫ్రికా దక్షిణ భాగంలో ఒక పెద్ద రాతి కట్టడం దగ్గరికి చేరుకున్నాడు. ఇప్పటి జింబాబ్వే దేశంలో, మస్వింగో పట్టణానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ చోటు, పేరు గ్రేట్ జింబాబ్వే. సున్నం లేదు, అడుసు లేదు. రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయిన గోడలు, కొన్నిచోట్ల మూడంతస్తుల మేడంత ఎత్తు. ఆ ప్రాంతంలో గడిపిన నెలల్లో ఒకరోజు మౌఖ్ ఒక గుమ్మం పైన అడ్డంగా వేసిన దూలం నుంచి చిన్న పేడు చెక్కి తీశాడు. దాన్ని తన పెన్సిల్ చెక్క పక్కన పెట్టి చూశాడు. రంగు ఒకేలా ఉంది, వాసన కూడా ఒకేలా ఉంది. పెన్సిల్ దేవదారు చెక్కది కాబట్టి దూలమూ దేవదారే అనుకున్నాడు. దేవదారు పెరిగేది లెబానోనులో. దాన్ని ఇంత దూరం తేగలిగినవాళ్లు ఆ తీరంలో ఉండిన ప్రాచీన ఫినీషియన్ వర్తకులే. బైబిల్లోని సొలొమోను రాజు యెరూషలేములో కట్టిన మందిరానికి దేవదారు మానులు పంపింది కూడా వాళ్లే. అలా అయితే ఇది సొలొమోనును చూడటానికి వెళ్లిన షేబదేశపు రాణి కట్టించిందే అయ్యుండాలి. కొండ మీది కట్టడం యెరూషలేము దేవాలయానికి నకలు, కింద ఉన్నది ఆ రాణి అక్కడ బస చేసిన భవనానికి నకలు. ఇదీ మౌఖ్ తేల్చింది.

ఒక చెక్క పేడు నుంచి ఒక రాణి దాకా సాగిన ఈ ఊహలో ప్రతి మెట్టూ తప్పే. ఆ దూలం టాంబూటి అనే చెట్టుది. ఆ దేశపు అడవుల్లోనే పెరుగుతుంది, గట్టి కలప, మంచి వాసన వేస్తుంది. అయినా ఇది మౌఖ్ ఒక్కడి పొరపాటుగా ఆగిపోయి ఉంటే ఇవాళ మాట్లాడుకునే పనే ఉండేది కాదు. కొత్త చోటికి వెళ్లినవాళ్లు చూసినదాన్ని తమకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథల్లో ఇరికించి అర్థం చేసుకోవడం మామూలే. 16వ శతాబ్దం నుంచీ పోర్చుగీసువాళ్లు కూడా ఆఫ్రికా తూర్పు తీరంలో విన్న బంగారం కబుర్లను, సొలొమోనుకు బంగారం వచ్చిందని బైబిల్ చెప్పే ఓఫీరు దేశంతో ముడిపెడుతూనే ఉన్నారు. అసలు సమస్య మౌఖ్ వెళ్లిన ఇరవై ఏళ్ల తర్వాత మొదలైంది. అప్పుడు ఆ కథ ఒక కంపెనీకి అవసరం పడింది.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూడాలి. గ్రేట్ జింబాబ్వే దాదాపు 720 హెక్టార్లలో పరుచుకుని ఉంది. కొండ మీద సహజంగా ఉన్న గుండ్లను కలుపుకుంటూ కట్టిన గోడలు ఒక భాగం. లోయలో అక్కడక్కడా ఉన్న చిన్న ప్రాకారాలు మరో భాగం. అన్నిటికన్నా ప్రసిద్ధమైనది మహా ప్రాకారం. షోనా భాషలో దాన్ని ఇంబా హురు అంటారు, అంటే పెద్దిల్లు. దాని బయటి గోడ చుట్టుకొలత 250 మీటర్లు, ఎత్తు 11 మీటర్ల దాకా, అడుగున మందం 5 మీటర్ల దాకా ఉంటుంది. లోపల శంకువు ఆకారంలో 10 మీటర్ల బురుజు ఉంది. దానికి గది లేదు, మెట్లు లేవు, అడుగు నుంచి పై దాకా రాయే. అక్కడి గ్రానైట్ బండ పగటి ఎండకు వేడెక్కి, రాత్రి చలికి చల్లబడి పొరలు పొరలుగా లేస్తుంది. బండ మీద మంట పెట్టి నీళ్లు చల్లితే ఇంకా తొందరగా విడిపోతుంది. తెలుగునాట వడ్డెరలు మంటపెట్టి బండ నుంచి పలకలు లేపే పద్ధతి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ పలకల్ని ఇటుకల్లా కొట్టి వరుసలు పేర్చారు. గోడ పైకి వెళ్లేకొద్దీ కొంచెం కొంచెం లోపలికి వాలుతుంది. అందుకే వందల ఏళ్లుగా నిలబడింది. బయటి గోడ పై అంచున ఒక వైపు చీర అంచు మీది వంకీల్లా రాళ్లను ఏటవాలుగా నిలిపి నగిషీ చేశారు.

దీన్ని కట్టింది ఇప్పటికీ ఆ నేల మీదే ఉన్న షోనా ప్రజల పూర్వీకులు. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా ఆ పట్టణం బతికింది. పశువుల మందలు వాళ్ల సంపద. బంగారం, ఏనుగు దంతం హిందూ మహాసముద్ర తీరంలోని సోఫాలా రేవు మీదుగా, ఇప్పటి టాంజానియా తీరంలోని కిల్వా వర్తకుల చేతికి వెళ్లేవి. బదులుగా చైనా పింగాణీ, పర్షియా గిన్నెలు, మన దేశం నుంచి వెళ్లిన గాజు పూసలు వచ్చేవి. కిల్వా సుల్తాను పేరున్న 14వ శతాబ్దపు నాణెం ఒకటి అక్కడే దొరికింది. పట్టణంలో 18,000 మంది దాకా ఉండేవారని ఒక అంచనా, అంతకన్నా చాలా తక్కువేనని ఈమధ్య పరిశోధకుల వాదన. జింబాబ్వే అనే మాటకు షోనాలో రాతి ఇళ్లు అని అర్థం చెబుతారు. ఇలాంటి కట్టడాలు చిన్నవీ పెద్దవీ ఆ ప్రాంతమంతటా వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక్క చోటే ఉండి ఉంటే ఎవరో వచ్చి కట్టి వెళ్లిపోయారని అనుకోవడానికైనా వీలుండేది. ఇన్ని కట్టడాలు, ఇన్ని తరాల పని బయటినుంచి వచ్చిన వర్తకుల వల్ల అయ్యేది కాదు.

సెసిల్ రోడ్స్ నడిపిన బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీకి 1889లో బ్రిటన్ రాణి పేరిట చార్టర్, అంటే అధికార పత్రం దక్కింది. 1890లో కంపెనీ పంపిన దండు షోనా ప్రాంతంలోకి వెళ్లి సెప్టెంబరులో జెండా పాతింది. కొన్నేళ్లకు దేశానికి రోడ్స్ పేరే పెట్టారు, రోడీషియా అని. అయితే ఒక కంపెనీ దేశాన్ని తీసుకుని నిలబెట్టుకోవాలంటే తుపాకులు ఒక్కటే చాలవు. లండన్‌లో షేర్లు కొనేవాళ్లకు ఇక్కడ బంగారం ఉందన్న నమ్మకం కావాలి. ఇదేం న్యాయమని అడిగేవాళ్లకు ఒక సమాధానం కావాలి. సముద్రం దాటి వచ్చి పొలం చేసుకునే తెల్ల రైతుకు ఈ భూమి తనదేనన్న ధీమా కావాలి. ఓఫీరు కథ ఈ మూడు పనులకూ పనికొచ్చింది. సొలొమోను బంగారం ఇక్కడిదే అయితే గనులు ఉన్నట్టే. గోడలు కట్టింది ఉత్తరం నుంచి వచ్చిన తెల్ల జాతి అయితే ఇప్పుడు వస్తున్నవాళ్లు ఆక్రమణదారులు కారు, పాత యజమానుల వారసులు. ఓడలెక్కి దూరదేశాల్లో వ్యాపారం చేసిన ఫినీషియన్లలో బ్రిటిషువాళ్లు తమ పోలికే చూసుకున్నారు. ఇక షోనా ప్రజలు ఆ గోడల మధ్య ఎప్పుడో వచ్చి చేరినవాళ్లుగా మిగిలారు.

భూమి తగాదాలు చూసినవాళ్లకు ఈ ఎత్తు బాగా తెలుసు. పొలం మీదికి మనుషుల్ని తోలేవాడు ఒట్టి చేతులతో రాడు, తాతల నాటిదంటూ ఒక కాగితం పట్టుకుని వస్తాడు. రోడ్స్ కంపెనీ పట్టుకొచ్చిన కాగితం గ్రేట్ జింబాబ్వే. కట్టడాన్ని చూడటానికి రోడ్స్ వచ్చినప్పుడు, ఒకప్పుడు తెల్లవాళ్లదైన పురాతన దేవాలయాన్ని చూడటానికి దొర వచ్చాడని అక్కడి పెద్దలకు చెప్పారు. వాళ్ల తాతముత్తాతలు కట్టిన చోటు అది. వాళ్లు మొక్కులు మొక్కుకునే చోటు కూడా.

కాగితానికి నిపుణుడి సంతకం కావాలి కదా. 1891లో థియోడర్ బెంట్‌ను పంపారు. పంపినవాళ్లలో రోడ్స్ కంపెనీతో పాటు లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ కూడా ఉంది. బెంట్ అంతకుముందు మధ్యధరా సముద్ర ప్రాంతంలో తవ్వకాలు చేసినవాడు. అతనికి దొరికినవన్నీ అప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో వాడుతున్నలాంటి కుండలు, నూలు వడికే బిళ్లలు, ఇనప పనిముట్లు. బురుజు పక్కన తవ్వితే అవే, మరో చోట తవ్వినా అవే. అక్కడే సమాధానం ఉంది. కానీ వాటిని తర్వాత వచ్చినవాళ్లవిగా పక్కన పెట్టి, సబ్బురాతిలో చెక్కిన పక్షుల్నీ గోడల కొలతల్నీ పట్టుకుని, అరేబియా నుంచి వచ్చిన ఉత్తరాది జాతి దీన్ని కట్టిందని 1892లో పుస్తకం వేశాడు. కంపెనీకి కావలసిన మాట అదే.

ఆ తర్వాత జరిగింది దోపిడీ. అక్కడికి దూరంగా డనంగోంబె అనే మరో శిథిల పట్టణంలో బంగారు నగలు దొరకడంతో, 1895లో పురాతన శిథిలాల కంపెనీ అనే సంస్థే పుట్టింది. గ్రేట్ జింబాబ్వే ఒక్కటి తప్ప మిగతా శిథిలాల్లో బంగారం కోసం తవ్వుకునే హక్కు దానికి రోడ్స్ కంపెనీయే ఇచ్చింది. సమాధుల్లోని నగలు తీసి చాలావరకు కరిగించారు. ఎవరి మెడలోది, ఏ కాలపుది, ఎవరు చేశారు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే వస్తువులు అవి. మూసలో పోసిన తర్వాత తూకం మాత్రమే మిగిలింది. ఆ మెడలు షోనా రాజులవీ రాణులవీ అని ఒప్పుకుని ఉంటే, సమాధులు తవ్వే కంపెనీకి అంత సులువుగా లైసెన్సు ఇవ్వగలిగేవారా?

అయినా ఈ మొత్తం కథలో తీరని నష్టం చేసింది బంగారం తవ్వినవాళ్లు కారు, గ్రేట్ జింబాబ్వేను కాపాడటానికి నియమించిన మనిషి. 1902లో రిచర్డ్ నిక్లిన్ హాల్ అనే పత్రికా రచయితను అక్కడ క్యూరేటర్‌గా పెట్టారు. పడిపోయిన రాళ్లు తీయడం, చెట్లు కొట్టడం, దారులు బాగుచేయడం అతని పని. అతను రెండేళ్లు తవ్వించాడు. మహా ప్రాకారం లోపలా, కొండ మీదా ఒక మీటరు నుంచి మీటరున్నర మందాన, కొన్నిచోట్ల ఇంకా లోతుగా మట్టి తీయించి బయట పోయించాడు. కాఫిర్ల మురికిని, వాళ్ల పతనావస్థ గుర్తులను తొలగిస్తున్నానని రాసుకున్నాడు. కాఫిర్ అనేది అక్కడి నల్లజాతి మనుషుల్ని తిట్టడానికి తెల్లవాళ్లు వాడిన మాట. ఆ మురికి తీసేస్తే అడుగున షేబ రాణి కాలపు నేల బయటపడుతుందని అతని నమ్మకం.

ఆ మట్టి ఏమిటో తెలియాలంటే మన పాత మట్టిళ్లను గుర్తు తెచ్చుకోవాలి. నేలను వారం వారం పేడతో అలికేవారు. పండగకు ముందు మళ్లీ మట్టి మెత్తేవారు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇంట్లో ఒక మూల గునపంతో అడుగు లోతు తీస్తే, కేకు ముక్కలో పొరల్లా సన్నని చారలు కనిపిస్తాయి. ఒక చారలో పొయ్యి బూడిద, ఒక చారలో పగిలిన గాజు ముక్క, ఇంకోదాంట్లో పిల్లలు పారేసుకున్న గవ్వ. పైది కొత్తది, కిందది పాతది. ఏ గవ్వ ఏ చారలో ఉందో రాసిపెట్టుకుంటే ఆ ఇంటి చరిత్ర వరసగా చదవచ్చు. షోనా ఇళ్ల నేలలు, గోడలు కూడా మెత్తి పదును చేసిన మట్టివే. దాన్ని వాళ్లు ధాకా అంటారు. రాతి గోడలు ప్రహరీలు మాత్రమే. మనుషులు వండుకున్నది, పడుకున్నది, పిల్లల్ని కన్నది ఆ గోడల మధ్య ఉన్న మట్టి ఇళ్లలో. అవి కూలి, మళ్లీ లేచి, మళ్లీ కూలి, మూడు నాలుగు వందల ఏళ్ల బతుకు మీటరు మందాన పేరుకుంది. ఆ గోడల్ని ఎవరు కట్టారో చెప్పగలిగిన సాక్షి అదొక్కటే. హాల్ తట్టల్లో ఎత్తి పారబోయించింది దాన్నే.

కట్టింది నల్లవాళ్లు కాదన్న నమ్మకం ముందే ఉంది కాబట్టి నల్లవాళ్ల ఆనవాళ్లు చెత్తలా కనిపించాయి. చెత్త గనక తీసేశారు. తీసేసిన తర్వాత నల్లవాళ్లు కట్టారనడానికి ఆధారం ఏదని అడిగారు. తప్పు సిద్ధాంతం ఎంత బలంగా పాతుకున్నా దాన్ని కొట్టేయడానికి ఇంకో పరిశోధకుడు రావచ్చు, వచ్చాడు కూడా. పారబోసిన పొరను తిరిగి పేర్చగలిగినవాళ్లు మాత్రం ఎప్పటికీ రారు. వలస పాలన పురావస్తు శాస్త్రాన్ని ఎలా వాడుకుందనే చర్చల్లో షేబ రాణి కథకు దక్కినంత చోటు ఈ తట్టల మట్టికి దక్కదు. దక్కాల్సింది దీనికే. తోటి పరిశోధకులే తప్పుపట్టడంతో 1904లో హాల్‌ను ఆ పని నుంచి తప్పించారు. అప్పటికి మహా ప్రాకారం లోపల దాదాపు ఏమీ మిగల్లేదు.

మరుసటి ఏడాదే డేవిడ్ రాండల్ మెకైవర్ వచ్చాడు. ఈజిప్టులో ఫ్లిండర్స్ పెట్రీ దగ్గర పని నేర్చుకున్నవాడు. హాల్ చేతులు పడని చోట్లు వెతుక్కుని తవ్వాడు. మట్టి ఇళ్లూ రాతి గోడలూ ఒకదానితో ఒకటి కలిసి కట్టినవేనని, ఇళ్లలో వస్తువులన్నీ ఆఫ్రికా వాళ్లవేనని, బయటి దేశాల నుంచి వచ్చిన పింగాణీ ముక్కలు 14, 15 శతాబ్దాలకు ముందువి కావని చూపించాడు. ఫినీషియన్లకూ దీనికీ మధ్య రెండు వేల ఏళ్ల తేడా ఉంది. రోడీషియా తెల్లవాళ్లు మండిపడ్డారు. హాల్ అతన్ని ఖండిస్తూ 1909లో మరో లావుపాటి పుస్తకం రాశాడు.

గొడవ తేల్చడానికి 1929లో గర్ట్రూడ్ కేటన్ థాంప్సన్‌ను పంపారు. ఆమెతో వెళ్లిన బృందంలో ఇద్దరూ ఆడవాళ్లే. వాళ్లలో ఒకరు, తర్వాత రోజుల్లో యెరికో తవ్వకాలతో పేరు తెచ్చుకున్న కాథ్లీన్ కెన్యన్. ఎవరూ కదపని ఒక చిన్న ప్రాకారాన్ని ఎంచుకుని పొర పొరా తవ్వారు. శంకువు బురుజు కింద నుంచి సొరంగం తీసి చూశారు, రహస్య గది ఏదీ లేదు. విమానం ఎక్కి పై నుంచి ఫొటోలు తీశారు. పూసల్ని పరీక్ష చేయించి, వాటిలో భారతదేశపు పూసలతో పోలినవి ఉన్నాయని గుర్తించారు. అన్నీ చూశాక, ఇది మధ్యయుగంలో ఆఫ్రికన్లు కట్టిందన్న మాటకు విరుద్ధమైన ఆధారం ఒక్కటి కూడా లేదని ఆమె చెప్పింది. అదే సంగతి ఒక పండితుల సభలో చెబితే, అక్కడే కొందరు పెద్దలు కోపంతో ఊగిపోయారు. అయితే ఆమెను ఆకాశానికెత్తడం కూడా సరికాదు. తన పుస్తకంలో ఆ కట్టడాల వెనకున్నది ఎదగని, పసిపిల్లల బుద్ధి అన్నట్టు రాసింది. ఆధారం ముందు తల వంచింది గానీ, ఆ మనుషుల్ని తక్కువగా చూసే చూపు పూర్తిగా వదల్లేదు. ఆమె పుస్తకం వచ్చింది 1931లో. అంతకు ఏడాది ముందు, 1930లో రోడీషియా ప్రభుత్వం భూ పంపిణీ చట్టం చేసింది. జనాభాలో పిడికెడు మంది తెల్లవాళ్లకు దేశ భూమిలో సగం దాకా కేటాయించింది. పండితుల చర్చలో ఓడిపోయిన కథ చట్టంలో గెలిచినట్టయింది.

అందుకే ఆ కథ చావలేదు. 1950ల నుంచి పాత వస్తువుల వయసు తేల్చే రేడియో కార్బన్ పరీక్షలు వచ్చాయి, కొత్త తవ్వకాలు జరిగాయి, పురావస్తు శాస్త్రవేత్తల్లో దీని మీద తేడా లేకుండా పోయింది. సరిగ్గా అదే సమయానికి నల్లజాతి నాయకులు తమ దేశానికి జింబాబ్వే అనే పేరు ఎంచుకున్నారు. 1961లో, 1963లో పుట్టిన రెండు పెద్ద పార్టీల పేర్లలోనూ ఆ మాట ఉంది. 1965లో ఇయన్ స్మిత్ ప్రభుత్వం తెల్లవాళ్ల పెత్తనం పోకుండా ఉండటానికి బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకుంది. ఇక అక్కడి నుంచి ఆ గోడలు ఎవరివన్నది ఆ ప్రభుత్వానికి భద్రత సమస్య అయిపోయింది. కట్టింది ఆఫ్రికన్లేనని గైడ్ పుస్తకాల్లో రాయడం మీద 1969లో పార్లమెంటులోనే అభ్యంతరాలు లేచాయి. అన్ని వాదనలూ సమానంగా చెప్పాలని ఒత్తిడి తెచ్చారు. ఆధారం ఉన్న మాటనూ లేని మాటనూ పక్కపక్కన కూర్చోబెట్టి దానికి నిష్పాక్షికత అని పేరు పెట్టడం పాత ఎత్తుగడే, ఇప్పటికీ ప్రపంచమంతటా నడుస్తోంది. కట్టడాల ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న పీటర్ గార్లేక్ 1970లో ఆ ఉద్యోగం వదిలి దేశం విడిచి వెళ్లాడు. ఆ దశకంలో అక్కడ పనిచేసిన పాల్ సింక్లెయిర్ తర్వాత చెప్పిన మాటలు చదువుతుంటే ఒళ్లు మండుతుంది. నల్లవాళ్లు కట్టారని బయట అంటే ఉద్యోగం పోతుందని మ్యూజియం బోర్డు సభ్యుడొకరు బెదిరించారట. పసుపు జాతివాళ్లు, అంటే ఆసియా వాళ్లు కట్టారంటే ఫర్వాలేదట. కార్బన్ పరీక్షల తేదీలు మాత్రం ఎత్తకూడదట.

ఇది రోడీషియాకే పరిమితమైన వింత కాదు. అమెరికాలో మిస్సిసిపీ, ఒహాయో నదుల వెంట వేల సంఖ్యలో పెద్ద పెద్ద మట్టి దిబ్బలున్నాయి. వాటిని కట్టింది ఎప్పుడో అంతరించిన ఒక గొప్ప జాతి అని, ఇప్పుడున్న ఆదివాసులు ఆ జాతిని తుడిచిపెట్టి చోటు ఆక్రమించినవాళ్లని 19వ శతాబ్దంలో నమ్మించారు. ఆదివాసుల్ని మిస్సిసిపీ పడమటికి తరిమే చట్టం చేసిన 1830లోనే, అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో ఈ అంతరించిన జాతి ప్రస్తావన ఉంది. ఒక జాతి పోయి ఇంకో జాతి వచ్చింది, ఇప్పుడు వీళ్ల వంతు అన్నది అందులోని తర్కం. దిబ్బలు ఆదివాసుల పూర్వీకులవేనని సైరస్ థామస్ అధికారికంగా తేల్చింది 1894లో. అప్పటికి భూములు చేతులు మారిపోయాయి. అల్జీరియాలో ఫ్రెంచివాళ్ల దారి వేరు. అక్కడ శిథిలాలు నిజంగానే రోమన్లవి. కాబట్టి అబద్ధం ఆడాల్సిన పని పడలేదు, తామే రోమ్ వారసులమని చెప్పుకుంటే సరిపోయింది. లాంబేసిస్‌లో ఒక రోమన్ సేనాధికారి సమాధిని బాగుచేయించి, దాని ముందు ఫ్రెంచి సైనికుల చేత వందనం చేయించారు. రోమన్లకూ ఫ్రెంచివాళ్లకూ మధ్య ఉన్న వెయ్యేళ్లకు పైబడిన అరబ్బు, బెర్బరు చరిత్ర పక్కకు నెట్టేయాల్సిన పొర అయింది.

భారతదేశంలో ఈ వాడకం ఇంకా సూటిగా మొదలైంది. తర్వాతి రోజుల్లో పురావస్తు శాఖకు ఆద్యుడైన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1843లో అచ్చయిన ఒక లేఖలో, బౌద్ధ శిథిలాల పరిశోధన ప్రభుత్వానికి రాజకీయంగా, బ్రిటిషు ప్రజలకు మతపరంగా ఎంతో లాభం చేకూరుస్తుందని రాశాడు. దేశం చిన్న చిన్న రాజ్యాలుగా చీలినప్పుడల్లా పరాయివాళ్లు గెలిచారని, ఒకే ఏలిక కింద ఉన్నప్పుడు నిలబడిందని అది రుజువు చేస్తుందట. బ్రాహ్మణ మతం ఎప్పటికీ మారనిది కాదని కూడా తేలుతుందట. శాఖ ఏర్పడింది 1861లో. అంటే తవ్వకముందే జవాబు రాసిపెట్టుకున్నారు.

తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్లు అని పిలిచే ఇనుప యుగపు సమాధులకూ ఇందులో ఒక పాత్ర ఉంది. నిజాం రాజ్యంలో షోరాపూర్ సంస్థానం చూసుకున్న మెడోస్ టేలర్ 1850లలో అలాంటి సమాధులు తవ్వి, ఐరోపాలో కెల్టుల రాతి సమాధుల్లా ఉన్నాయి గనక వీటిని కట్టినవాళ్లు ఆ చుట్టరికం ఉన్న సిథియన్లు అనే మధ్య ఆసియా సంచార జాతివాళ్లు అనుకున్నాడు. మౌఖ్ పెన్సిల్ లాంటి ఊహే అది. కానీ టేలర్ ఒక మంచి పని చేశాడు. సమాధి గుంటను నిలువుగా కోసినట్టు, ఏ లోతులో ఏ పొర ఉందో, కుండ ఎక్కడుందో, ఎముకలు ఎక్కడున్నాయో బొమ్మలు గీసిపెట్టాడు. ఆ రోజుల్లో ఐరోపాలో కూడా అంత శ్రద్ధ అరుదు. అతని కెల్టు కథ ఎప్పుడో కొట్టుకుపోయింది. గీసిన పొరలు మాత్రం ఇప్పటికీ చదువుకోవడానికి పనికొస్తున్నాయి.

అమరావతిలో ఆ అదృష్టం లేకపోయింది. కాలిన్ మెకంజీ 1797లో ఆ స్తూపాన్ని చూసే నాటికి అది దీపాలదిన్నె. దాని చలువరాళ్లు అప్పటికే ఇళ్లకూ గుళ్లకూ సున్నపు బట్టీలకూ పోతున్నాయి. స్థానికులకు విలువ తెలియదు, కాపాడేది మేమే అన్న వాదన అక్కడి నుంచి బలపడింది. అందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన శిల్పాలు మద్రాసులో ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో 121 ముక్కలు లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అసలు దెబ్బ 1880లో పడింది. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ స్తూపం మొత్తాన్ని శుభ్రం చేయమని ఆజ్ఞాపించాడు. ఏ రాయి ఎక్కడుందో సరిగా నమోదు చేయకుండా దిన్నెను తవ్వి పోశారు. పురావస్తు శాఖ తరఫున జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉన్నచోట పెద్ద గొయ్యి ఉంది. ఏ శిల్పం ప్రదక్షిణ పథంలో ఎటువైపు ఉండేదన్న చర్చ ఈనాటికీ తెగకపోవడానికి ఒక కారణం ఆ శుభ్రతే. కాపాడేవాళ్లమని చెప్పుకున్న చేతులే ఆ పని చేశాయి.

జింబాబ్వేకు స్వాతంత్ర్యం 1980 ఏప్రిల్ 18న వచ్చింది. కొత్త జెండా మీద గ్రేట్ జింబాబ్వే సబ్బురాతి పక్షికి చోటు దక్కింది. ఆ పక్షులు మొత్తం ఎనిమిది. ఒకదాన్ని 1889లో ఒక వేటగాడు పెకిలించి రోడ్స్‌కు అమ్మాడు. రోడ్స్ దాన్ని కేప్‌టౌన్‌లోని తన ఇంట్లో పెట్టుకుని, మెట్ల కటకటాలకు దాని నకళ్లు చెక్కించాడు. దక్షిణాఫ్రికా మ్యూజియంలో ఉన్నవి 1981లో తిరిగొచ్చాయి. ఊరికే ఇవ్వలేదు, తేనెటీగలు, కందిరీగలు, చీమల జాతి కీటకాల సేకరణ ఒకటి బదులు తీసుకుని ఇచ్చారు. ఇంకో పక్షి అడుగు భాగం బెర్లిన్ వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా చేరి, మళ్లీ జర్మనీకొచ్చి, 2003లో ఇల్లు చేరింది. విరిగిన పై ముక్కతో దాన్ని కలిపారు.

కొత్త ప్రభుత్వం వచ్చినా చుట్టుపక్కల వంశాల పెద్దలకు దక్కాల్సింది పూర్తిగా దక్కలేదు. తెల్లవాళ్లు వేసిన కంచె అలాగే ఉంది, లోపల పూజలు చేసుకోవాలంటే అనుమతి అడగాల్సి వచ్చింది. 1986లో యునెస్కో గుర్తింపు వచ్చాక నిబంధనలు ఇంకా పెరిగాయి. ఆ గోడల మీద హక్కు ప్రభుత్వానిదా, శాస్త్రవేత్తలదా, అక్కడ మొక్కుకునే కుటుంబాలదా అన్న ప్రశ్న మీద జింబాబ్వే పరిశోధకులే ఇప్పుడు గట్టిగా రాస్తున్నారు.

మహా ప్రాకారం ఎందుకు కట్టారన్న ప్రశ్న కూడా అలాగే ఉంది. రాజు ఉండే చోటని కొందరంటారు. రాజు భార్యల నివాసమని ఇంకొందరు. యుక్తవయసు పిల్లలకు పెద్దల రీతులు నేర్పే బడి అని పురావస్తు శాస్త్రవేత్త థామస్ హఫ్‌మన్ వాదించాడు. ఎవరి మాట నిజమో తేల్చాలంటే లోపల ఏ ఇల్లు ఎక్కడుంది, ఏ పొయ్యి చుట్టూ ఏ వస్తువులున్నాయి, ఎన్నిసార్లు నేల మెత్తారు అన్నది చూడాలి. 250 మీటర్ల గోడ ఇప్పటికీ నిలబడే ఉంది. చూడాల్సిన నేల 1902 నుంచి 1904 మధ్య తట్టల్లో బయటికి పోయింది.